హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు వ్యాయామానికి ముందు చూసుకోవాల్సినవి

హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటికి సరిపడా రక్తం పంప్ చెయ్యలేకపోవడం) చాలాకాలంగా ఉంటే తొడల్లో, పిక్కల్లో కండ కరిగిపోతుంది. నాలుగు మెట్లెక్కగానే ఆయాసం రావడానికి గుండెతో పాటు ఈ కండ తరుగూ కారణమే. 2009లో వెలువడిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనంలో 2,331 మందిని గమనించి, పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్లకు వ్యాయామం సురక్షితమేనని తేల్చారు. ఆ 'నిలకడ' ఉందో లేదో రోజూ చూసుకోవాలి.

• పొద్దున్నే ఒంటికి, రెంటికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వ్యాయామం ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఇక్కడో తిరకాసు ఉంది: నీరు చేరితే కండ తగ్గినా బరువు తగ్గినట్టు కనిపించదు. కాబట్టి చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా అన్నది కూడా గమనించండి.

• కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, జ్వరం: ఏ ఒక్కటున్నా ఆ రోజు వద్దు.

• బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లు నాడి లెక్కను నమ్ముకోవద్దు. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిపోయినట్టే.

• నీరు పోయే మాత్ర వేసుకున్న వెంటనే పార్కుకి బయల్దేరకండి, దారిలో అవస్థ.

• ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చేలా ఒంట్లో అమర్చే పరికరం) ఉంటే ఎంత నాడి వేగానికి షాక్ ఇస్తుందో ముందే అడగండి.

• బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు.

• ప్రోటీన్ పౌడర్ సొంతంగా కొనొద్దు. కిడ్నీల సంగతి డాక్టర్ చూడాలి.