అజైడ్ క్లిక్ చర్య నడవకపోతే: సమస్య - పరిష్కారం

అజైడ్‌ను (మూడు నైట్రోజన్‌ల సమూహమున్న సమ్మేళనం), అంత్య ఆల్కైన్‌ను (చివర కార్బన్-కార్బన్ త్రిబంధం ఉన్న సమ్మేళనం) రాగి ఉత్ప్రేరకంతో కలిపి 1,4-ట్రయజోల్‌ను (మూడు నైట్రోజన్‌లున్న అయిదు పరమాణువుల వలయం) తయారుచేసే ఈ క్లిక్ పద్ధతిని 2002లో రసాయన శాస్త్రవేత్తలు షార్ప్‌లెస్, మెల్డాల్‌ల బృందాలు విడివిడిగా ప్రకటించాయి. చర్య ఆగిపోయినప్పుడు చాలామంది ముందుగా అజైడ్‌ను అనుమానిస్తారు గానీ, తప్పు ఎక్కువగా రాగి దగ్గరే ఉంటుంది.

సమస్య: రాత్రంతా కలియబెట్టినా టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) ప్లేటు మీద అజైడ్ మచ్చ తగ్గదు.

ఈ చర్యను నడిపేది +1 స్థితిలోని రాగి మాత్రమే కనుక, ముందుగా ఫ్లాస్కులోని రంగును గమనించాలి. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో సోడియం ఆస్కార్బేట్ (+2 రాగిని +1కి దించే పదార్థం) పోయగానే నీలం విరిగి లేత పసుపుకు దిగాలి. నీలం అలాగే ఉన్నా, కాసేపటికి తిరిగి వచ్చినా, ఆస్కార్బేట్ పాతబడి ఉండాలి లేదా లోపలికి గాలి చొరబడుతూ ఉండాలి. ఆస్కార్బేట్‌ను అప్పటికప్పుడు తూచి నీటిలో కరిగించి, ద్రావణిలోకి నైట్రోజన్‌ను పంపి ఆక్సిజన్‌ను తరిమేసి, రాగి మోల్‌లకు అయిదారు రెట్లు ఆస్కార్బేట్ వేస్తే చాలావరకు చర్య కదులుతుంది. రంగు సరిగానే ఉండి కూడా చర్య నడవకపోతే, అణువులోని థయోల్ (గంధకం-హైడ్రోజన్) వంటి సమూహం రాగిని పట్టి ఉంచుతోందేమో చూసి, టీబీటీఏ గానీ, నీటిలో కరిగే టీహెచ్‌పీటీఏ గానీ లిగాండ్‌గా (రాగిని పట్టుకుని +1 స్థితిలో కాపాడే అణువుగా) చేర్చాలి. నెమ్మదిగా ఉందని వేడి పెంచడం మంచి అలవాటు కాదు: రాగి ప్రమేయం లేని ఉష్ణచర్య మొదలై 1,5-ట్రయజోల్ (వలయం మీది సమూహాల స్థానం మారిన రూపం) కూడా కలిసి వస్తుంది, పైగా అజైడ్‌లను వేడి చేయడమే ప్రమాదం.

సమస్య: ఆల్కైన్ అయిపోయింది, అజైడ్ మాత్రం మిగిలింది.

ఆక్సిజన్ సమక్షంలో రెండు ఆల్కైన్‌లు ఒకదానితో ఒకటి జతకట్టి డైఐన్‌గా (రెండు త్రిబంధాలున్న అణువుగా) మారి ఉంటాయి. దీనికీ పరిష్కారం గాలిని ఆపడమే.

సమస్య: అజైడ్‌లో తయారీనాటి సోడియం అజైడ్ మిగిలి ఉందన్న అనుమానం.

ఇక్కడ దిగుబడి కన్నా భద్రత ముఖ్యం. అజైడ్ అయాన్ రాగితో కలిస్తే పేలుడు స్వభావం గల కాపర్ అజైడ్, ఆమ్లంతో కలిస్తే విషపూరితమైన, పేలే గుణమున్న హైడ్రజోయిక్ ఆమ్లం, డైక్లోరోమీథేన్‌తో కలిస్తే డైఅజిడోమీథేన్ ఏర్పడగలవు. అందువల్ల రాగి వేయకముందే సేంద్రియ పొరను నీటితో పలుమార్లు కడగాలి. ఆ కడుగు నీటిని సింకులో పోయకుండా, ఆమ్లం తగలని వేరే సీసాలో సేకరించాలి. కార్బన్, ఆక్సిజన్ పరమాణువుల మొత్తం నైట్రోజన్ పరమాణువుల సంఖ్యకు మూడు రెట్లకు తగ్గిన అజైడ్‌ను విడిగా తీసి నిల్వ చేయకూడదు.

సమస్య: ఉత్పన్నం ఆకుపచ్చగా ఉంది, ఎన్‌ఎంఆర్ (అణునిర్మాణాన్ని చూపే అయస్కాంత వర్ణపటం) శిఖరాలు వెడల్పుగా వస్తున్నాయి.

ట్రయజోల్ స్వయంగా రాగిని పట్టుకుంటుంది, +2 స్థితిలోని రాగికి ఉన్న అయుగ్మ ఎలక్ట్రాన్ శిఖరాలను చెదరగొడుతుంది. ఈడీటీఏ (రాగిని పట్టి లాగేసే పదార్థం) ద్రావణంతో నీటి పొరలో నీలం కనిపించనంతవరకు కడిగి, ఎండబెట్టి, వర్ణపటాన్ని మళ్లీ తీయాలి. ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 2100 సెం.మీ.⁻¹ దగ్గరి పట్టీ అప్పటికీ మిగిలి ఉంటే అది రాగి సమస్య కాదు, చర్యకు లోనుకాని అజైడ్.