పాలమూరు నుంచి సింఫనీ కచేరికి వెళ్ళేవాళ్ళకు

సింఫనీ ఆర్కెస్ట్రాను, అంటే వయొలిన్లు, ఊదే వాద్యాలు అన్నీ కలిసి వాయించే పెద్ద పాశ్చాత్య సంగీత బృందాన్ని, ఎదురుగా కూర్చుని వినాలని ఉంటే, మన పాలమూరు వాళ్ళకు నేను చెప్పేది ముంబై. నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, బయటి దేశాల సోలోయిస్టులు (ముందుండి ప్రధాన వాద్యం వాయించేవాళ్ళు) కూడా వచ్చి వాళ్ళతో వాయిస్తుంటారు. హైదరాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కితే తెల్లారేసరికి దిగుతారు. టికెట్ ముందే తీసుకోండి. మరీ ముందు వరస వద్దు, దగ్గరున్న వయొలిన్లే వినిపించి వెనకాల ఊదేవాళ్ళు సరిగా వినపడరు, మధ్య వరసలు బాగుంటాయి.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి. సోలోయిస్ట్ ఏ కన్సర్టో (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే, కొన్ని భాగాలున్న రచన) వాయిస్తారో చూసి, దాన్ని ముందే నాలుగైదు సార్లు వినండి. తెలిసిన త్యాగరాజ కీర్తన ఎత్తుకోగానే మనకు ప్రాణం లేచొచ్చేది అది చెవిలో ముందే ఉంది కాబట్టే కదా, ఇక్కడా అంతే.

మొదటిసారి అయితే జర్మన్ స్వరకర్త మెండెల్సన్ రాసిన వయొలిన్ కన్సర్టో ఉన్న రోజు చూసుకోండి. 1845లో లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించారు, మొత్తం అరగంట లోపే. జడ్చర్లలో బస్సు ఎక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే షాద్‌నగర్ వచ్చేసరికి దాదాపు అయిపోతుంది. చాలా కన్సర్టోల్లో ఆర్కెస్ట్రా కాసేపు వాయించాక గానీ సోలోయిస్ట్ మొదలుపెట్టరు, ఇందులో వయొలిన్ రెండు మూడు సెకన్లకే అందుకుంటుంది, కాబట్టి మొదట్లోనే చెవి దాని మీద పెట్టండి. మొదటి భాగం మధ్యలో ఆర్కెస్ట్రా అంతా ఆగిపోయి వయొలిన్ ఒక్కటే మిగులుతుంది, దాన్ని కడెన్జా అంటారు, మన తని ఆవర్తనం లాంటిదే గానీ ఇక్కడ ప్రతి స్వరం మెండెల్సన్ రాసి పెట్టిందే. దాని చివర విల్లు నాలుగు తీగల మీద ఎగిరెగిరి పడుతుంటుంది, అది ఆగకుండానే కింద నుంచి ఆర్కెస్ట్రా మొదటి పాటను మళ్ళీ ఎత్తుకుంటుంది, అంతవరకు ముందు నడిచిన వయొలిన్ ఇప్పుడు పక్కవాద్యం అయిపోతుంది. నాకు ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు జలదరించేది ఇక్కడే.

హాల్లోకి పావుగంట ముందే వెళ్ళి కూర్చోండి, ఆలస్యమైతే మధ్యలో లోపలికి పంపరు. ఫోన్ ఆఫ్. బట్టలు శుభ్రంగా ఉంటే చాలు, సూటు కోసం టెన్షన్ పడొద్దు. ముందుగా ఓబో అనే సన్నాయి లాంటి వాద్యం ఒక్క స్వరం పట్టి నిలబెడుతుంది, అందరూ దానికి శృతి చేసుకుంటారు, ఆ నిమిషం మాటలు ఆపి వినండి.

ఇక చప్పట్లు. మనకు నచ్చిన చోట శభాష్ అనడం అలవాటు, ఇక్కడ భాగానికీ భాగానికీ మధ్య కొట్టరు, ఆర్కెస్ట్రాను చేతులతో నడిపించే కండక్టర్ చేతులు దించి మన వైపు తిరిగేదాకా ఆగాలి. ఈ కన్సర్టోలో అయితే మొదటి భాగం పెద్ద చప్పుడుతో ముగిశాక కూడా ఒక బసూన్ (మంద్రంగా పలికే పొడవాటి ఊదే వాద్యం) మాత్రం తన స్వరం వదలదు, అక్కడి నుంచి ఒక్క మెట్టు పైకెక్కి రెండో భాగంలోకి తీసుకెళ్తుంది. అక్కడ చప్పట్లు కొడితే ఆ స్వరం మునిగిపోతుంది.

తిరుగు రైల్లో ఇంకోసారి పెట్టుకుని వినండి. బసూన్ దగ్గరికి రాగానే, స్టేజీ మీద వయొలిన్ల వెనకాల అది వాయించిన మనిషి కళ్ళ ముందు కనిపిస్తారు.