రంపం మోటారుకు డీసీ బ్రేక్ పెట్టే ముందు

డీసీ బ్రేక్ అంటే, ఏసీ తీసేశాక మోటారు వైండింగ్‌లోకి డీసీ పంపి బ్లేడును త్వరగా ఆపడం. ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. టెస్టర్‌ను నమ్మకండి, మల్టీమీటర్‌తో మూడు ఫేజులూ చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంటర్‌లాక్, అంటే ఏసీ, డీసీ రెండూ ఒకేసారి ఆన్ కాకుండా ఆపే అడ్డు. ఏసీ, డీసీ కాంటాక్టర్లు (మోటారుకు కరెంటు కలిపి, తెంపే స్విచ్‌లు) ఒకేసారి పడితే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) పేలిపోతుంది. కరెంటు లేనప్పుడే ఒకదాన్ని వేలితో నొక్కి పట్టండి. రెండోది ఎంత నొక్కినా దిగకూడదు. వైరింగ్‌లో ఎన్‌సీ పాయింట్ (ఒక కాంటాక్టర్ పడగానే తెరుచుకుని రెండోదానికి కరెంటు అందకుండా చేసేది) కూడా ఉండాలి. ఈ రెండు అడ్డులూ ఉంటేనే నేను ఆన్ చేస్తాను.

డీసీ తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టండి. అడ్డుకునేది వైండింగ్ రెసిస్టెన్స్ ఒక్కటే, కొద్ది వోల్టులకే కరెంటు బాగా లాగుతుంది.

బ్లేడు ఆగగానే టైమర్ డీసీని తెంపాలి. ఆగిన మోటారుకు ఫ్యాను గాలి ఉండదు, వైండింగ్ కాలిపోతుంది.

బ్లేడు నట్టు బిగించారా? గట్టి బ్రేకుకు వదులవుతుంది, మొదటిసారి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి.