ఇంటి చిత్రశాల – నాలుగవ పాఠం: పాత డిస్కులోని శబ్దాన్ని కొత్త బొమ్మకు కుదర్చడం

కిందటి పాఠంలో మీరు కొనుక్కున్న డీవీడీలోని సౌండ్ ట్రాక్‌ను ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్‌లోకి దించుకుని, నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ రూపంలో భద్రపరచుకున్నాం. ఈ పాఠంలో ఆ పాత ట్రాక్‌ను అదే సినిమాకు వచ్చిన కొత్త బ్లూరేలోని శుభ్రమైన బొమ్మకు జతపరచి, మొదటి టైటిల్ నుంచి శుభం కార్డు వరకు రెండూ అడుగు తప్పకుండా నడిచేటట్టు చేయడం నేర్చుకుందాం. ఈ ధారావాహికలో అన్నిటికంటె ఎక్కువ ఓపిక కోరే పని ఇదే. ఇది మీ ఇంట్లో, మీరు కొన్న డిస్కులతో, మీరు చూసుకోవడానికి చేసుకునే పని మాత్రమేనని, తయారైన ప్రతిని పదిమందికీ పంచడానికి కాదని మొదటి పాఠంలో చెప్పిన షరతు ఇక్కడా వర్తిస్తుంది.

కొత్త డిస్కులో 5.1, అంటే ఆరు స్పీకర్ల శబ్దం ఉండగా పాత మోనో, అంటే ఒకే చానల్ శబ్దం ఎందుకని కొందరు అడుగుతారు. 1957 నాటి 'మాయాబజార్'ను 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు దాని శబ్దాన్ని పలు స్పీకర్ల డీటీఎస్‌కు, బొమ్మను వెడల్పాటి సినిమాస్కోప్ ఆకారానికి మార్చారు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' వచ్చినది 1974లో. అంతకు ముందటి సినిమా ఏదైనా మీ వెడల్పాటి టీవీ తెర మొత్తాన్ని నింపుతోందంటే, పైనా కిందా కొంత బొమ్మను కోసివేశారని, లేదా అడ్డంగా సాగదీశారని అర్థం. శబ్దం విషయంలో కోత అంత సులభంగా కంటికి కనబడదు. పాత మోనోను ఆరు స్పీకర్లకు పంచేటప్పుడు కొత్త ఉరుములు, కొత్త గుర్రపు డెక్కలు చేరుతాయి, మాటల చుట్టూ లేని ప్రతిధ్వని వస్తుంది, గరగర తీసివేసే తొందరలో సకారాలు, శకారాలు మొద్దుబారుతాయి. కోడంబాక్కం, వడపళని రికార్డింగ్ థియేటర్లలో కూర్చుని ఆనాటి శబ్దగ్రాహకులు మాటకు, సంగీతానికి, నిశ్శబ్దానికి మధ్య కుదిర్చిన తూకం ఆ ఒక్క మోనో ట్రాక్‌లోనే ఉంది. కొత్త ట్రాక్‌ను పారవేయమని నేను అనడం లేదు. పాతదానికి కూడా ఫైలులో చోటు ఇవ్వమని అంటున్నాను.

ముందుగా ఒక చిన్న పరీక్ష. పాత డీవీడీలో రెండు చానళ్ళు ఉన్నంత మాత్రాన అది స్టీరియో కాదు. శబ్దాన్ని ఎడిట్ చేసే ఆడాసిటీ ప్రోగ్రాములో ట్రాక్‌ను తెరిచి, రెండు చానళ్ళను విడదీసి, ఒకదానిని ఇన్వర్ట్ చేసి (అలను తలకిందులు చేసి), రెండింటినీ కలిపి వినండి. పూర్తి నిశ్శబ్దం వస్తే అది అసలైన మోనో. ఏదో ఒక చానల్ ఉంచుకుంటే చాలు. సన్నని గుసగుస మిగిలితే, టేపు నుంచి ఎక్కించేటప్పుడు హెడ్ కొద్దిగా వంకరగా ఉండి రెండు చానళ్ళ మధ్య వెంట్రుకవాసి ఆలస్యం చేరిందని ఊహించవచ్చు. అప్పుడు రెండింటినీ కలిపితే పై స్వరాలు ఒకదానినొకటి చంపుకుంటాయి కనుక, బాగున్న ఒక్క చానల్‌నే ఎంచుకోవాలి.

ఇక వేగం. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన దేశపు పాత టీవీ పద్ధతి అయిన పాల్ సెకనుకు 25 ఫ్రేములది కనుక, పాల్ డిస్కు చేసేటప్పుడు చాలామంది ఫిల్మును 25తోనే నడిపివేశారు. ఫలితంగా 150 నిమిషాల సినిమా 144 నిమిషాలలో ముగుస్తుంది. శ్రుతి కూడా అర స్వరంలో సుమారు ముప్పావు వంతు పైకి పోతుంది. విదేశాలలోని మనవారి కోసం అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్టీఎస్సీలో చేసిన డిస్కులు కూడా చెన్నై దుకాణాలలో చాలా దొరికేవి. వాటిలో ఫ్రేములలో కొంత భాగాన్ని రెండోసారి చూపి సర్దుతారు గాని శబ్దపు వేగం 23.976కే ఉంటుంది. బ్లూరే కొన్ని సరిగ్గా 24తో, కొన్ని 23.976తో నడుస్తాయి. ఈ రెండింటి మధ్య తేడా వెయ్యింట ఒక వంతే కదా అని వదిలేస్తే, రెండున్నర గంటల సినిమా చివరికి వచ్చేసరికి మాట బొమ్మకు 9 సెకన్ల దూరంలో ఉంటుంది.

కాబట్టి కొలవాలి. మొత్తం సినిమా నిడివిని కొలవవద్దు. ఎందుకో కొద్దిసేపట్లో తెలుస్తుంది. మధ్యలో కోత లేని ఒక పాటనో, ఏకబిగిన సాగే సంభాషణనో తీసుకుని, మొదటి శబ్దం నుంచి చివరి శబ్దం వరకు రెండు ట్రాకుల అలలనూ పెద్దవి చేసి చూసి, వ్యవధి రాసుకోండి. కొత్తదానిలో 240 సెకన్లు పట్టిన భాగం పాతదానిలో 230.4 సెకన్లయితే నిష్పత్తి 0.96, అంటే పాతది 25, కొత్తది 24. అదే 230.17 అయితే నిష్పత్తి 0.959, కొత్తది 23.976. పాతది 23.976, కొత్తది 24 అయితే నిష్పత్తి 1.001. రెండూ సమానమైతే వేగం జోలికే పోనవసరం లేదు. నిష్పత్తి ఇటువంటి నాలుగైదు విలువలలో ఒకటిగానే రావాలి. మధ్యలో ఇంకేదో అంకె వచ్చిందంటే మీరు ఎంచుకున్న భాగంలోనే కోత ఉందన్నమాట. ఇంకొక భాగం తీసుకుని మళ్ళీ కొలవండి.

నిష్పత్తి తెలిశాక ఆడాసిటీలోని ఛేంజ్ స్పీడ్‌లో ఆ అంకెనే ఇవ్వండి. నిడివితో పాటు శ్రుతి కూడా దిగివచ్చి తన స్థానంలో కూర్చుంటుంది. అయితే కొందరు డిస్కు చేసేటప్పుడే శ్రుతిని సరిచేసి ఉంటారు. దానిని కనిపెట్టడానికి ఇంట్లో సంగీతం నేర్చుకునే పిల్లల ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె చాలు. ఒకే పాటను రెండు ట్రాకులలోనూ వినిపించి, షడ్జమానికి పెట్టె ముల్లు తిప్పి చూడండి. నిడివిలో తేడా ఉండి శ్రుతి మాత్రం ఒకటే అయితే ఛేంజ్ టెంపో వాడాలి. శ్రుతిలో కూడా తేడా ఉంటే ఛేంజ్ స్పీడే సరైనది. కొత్త డిస్కులో పాటను గ్రామఫోను రికార్డు నుంచి తెచ్చి అతికించి ఉంటే ఈ పోలిక మోసం చేస్తుంది. అనుమానం వస్తే పాటను వదిలి, మాటలతో పోల్చండి.

ఇప్పుడు అసలు కష్టం. వేగం సరిచేసి, మొదటి మాట దగ్గర రెండు ట్రాకులనూ కలిపి వదిలితే, పది నిమిషాలు చక్కగా నడిచి, ఒక్కసారిగా అర సెకను తేడా వస్తుంది; మరో పది నిమిషాల తరువాత ఆ తేడా ఇంకొంచెం పెరుగుతుంది. కొత్తవారు ఇది చూసి వేగమే తప్పనుకుని ట్రాకును మళ్ళీ సాగదీస్తారు, పని మొత్తం చెడుతుంది. ఒక సూత్రం గుర్తుంచుకోండి: తేడా కొద్దికొద్దిగా పెరిగితే అది వేగపు దోషం, మెట్లు మెట్లుగా పెరిగితే అది ఫ్రేముల నష్టం. 1000 అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది, రెండు కలిపి అతికిన పెద్ద రీలు 22 నిమిషాలు. థియేటర్ల వెంట తిరిగిన ప్రింటులో రీలు మొదలూ చివరా నలిగి, తెగి, అతుకు పడినప్పుడల్లా కొన్ని ఫ్రేములు పోతాయి. పాత డీవీడీ అటువంటి ప్రింటు నుంచి, కొత్త బ్లూరే నెగటివ్ నుంచి తయారైతే, ప్రతి రీలు అతుకు దగ్గరా పాతదానిలో కొంత శబ్దం తక్కువవుతుంది. మొత్తం నిడివిని కొలవవద్దని చెప్పినది ఇందుకే.

రీలు ఎక్కడ మారుతుందో కనిపెట్టడానికి పాత డీవీడీ బొమ్మే సాయం చేస్తుంది. కుడివైపు పైమూలలో ఒక గుండ్రని చుక్క క్షణంపాటు మెరుస్తుంది. రీలు ముగియడానికి సుమారు 8 సెకన్ల ముందు ఒకసారి, 1 సెకను ముందు మరొకసారి. రెండవ ప్రొజెక్టరును సిద్ధం చేసుకోవడానికి ఆపరేటరుకు పెట్టిన గుర్తులవి. కొత్త బొమ్మను శుభ్రం చేసినవారు వీటిని మచ్చలతో పాటు తుడిచివేస్తారు కనుక పాత డిస్కును పారవేయకండి. చుక్కలు కనబడిన సమయాలను ఒక నోటుపుస్తకంలో వరుసగా రాసుకుంటే, మీరు సరిచేయవలసిన చోట్ల పట్టిక తయారైనట్టే.

సరిచేసేటప్పుడు పెదవులను చూసి కలపడం మంచి పద్ధతి కాదు. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి కనుక అవి గుర్తుగా పనికివస్తాయని పాశ్చాత్య పుస్తకాలు చదివినవారు చెబుతారు. మన సినిమాలలో చాలావాటికి మాటలు తరువాత డబ్బింగ్ థియేటరులో చెప్పినవి. అసలు ప్రింటులోనే పెదవీ మాటా ఒకటి రెండు ఫ్రేములు ఎడంగా ఉండవచ్చు. మీరు ఆ ఎడాన్ని సరిచేయడం మొదలుపెడితే అది భద్రపరచడం కాదు, దిద్దడం. కొత్త డిస్కులోని 5.1 ట్రాకునే కొలబద్దగా పెట్టుకోండి. దానిలో ఎన్ని ఉరుములు చేర్చినా, మాటలు సాధారణంగా పాత మోనో నుంచి వచ్చినవే. మధ్య స్పీకరు చానల్‌ను విడిగా తీసి పాత ట్రాకు కింద పెడితే, ఒక హల్లు దగ్గర రెండు అలలూ ఒకదానిపై ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చుంటాయి. ఒక ఫ్రేము అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. అంతలోపు కుదిరితే చాలు. ఎటూ కుదరకపోతే శబ్దం కొంచెం వెనకబడనివ్వండి గాని ముందుకు పోనివ్వకండి; దూరపు శబ్దం ఆలస్యంగా వినడం మన చెవికి అలవాటే, ముందుగా వినడం అలవాటు లేదు.

అతుకు దగ్గర లోటును ఎలా నింపాలి? ఉదాహరణకు 14 ఫ్రేములు పోయాయి, అంటే 583 మిల్లీసెకన్ల ఖాళీ. అక్కడ శుద్ధ నిశ్శబ్దం పెడితే గరగర హఠాత్తుగా ఆగి, చెవిలో గుంట పడినట్టు ఉంటుంది. పక్కనే మాటలు లేని చోటునుంచి అదే ట్రాకు గరగరను అంత మేర కాపీ చేసి అతికించండి. మాటలో సగం పోయి ఉంటే ఆ సగాన్ని కొత్త ట్రాకు మధ్య చానల్ నుంచి అరువు తెచ్చుకోవచ్చు. అయితే ఇవన్నీ చూసే ప్రతిలోనే. భద్రపరచిన మూల ఫ్లాక్‌ను ముట్టుకోకూడదు, చేసిన ప్రతి అతుకునూ సమయంతో సహా రాసిపెట్టాలి. గరగరను తగ్గించే ఫిల్టర్లను నేను ఈ దశలో అసలు తెరవను. కొన్నేళ్ళ కిందట నా దగ్గరి ఒక వీహెచ్ఎస్ క్యాసెట్టును ఇక్కడే ఒక దుకాణంలో డిస్కుకు ఎక్కించమని ఇస్తే, అడగకుండానే 'క్లియర్' చేసి ఇచ్చారు. వీణ వాయిద్యంలో మీటు వినబడుతుంది, నాదం నిలవదు. ఆ క్యాసెట్టు ఆ తరువాతి వానాకాలంలో బూజుపట్టింది.

జతపరచడం చిన్న పని. బొమ్మను, శబ్దాన్ని ఒకే ఫైలులో చేర్చే ఎంకేవీ టూల్‌నిక్స్‌లో కొత్త బొమ్మను, దాని 5.1 ట్రాకును, మీ మోనో ఫ్లాక్‌ను వేసి, మోనోకు భాష తెలుగు అని, పేరు 'అసలు మోనో' అని ఇచ్చి, దానినే డిఫాల్టుగా పెట్టండి. బొమ్మను మళ్ళీ కంప్రెస్ చేయవద్దు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్ మోనో ట్రాకు రెండున్నర గంటలకు కుదించకముందే 1.3 గిగాబైట్లు మాత్రమే. స్థలం కోసం ఎంపీ3 చేయవలసిన అగత్యం లేదు. ఒక ప్రతిని ఇంట్లో, ఒకటి వేరే హార్డ్ డిస్కులో, మూడవది మీ ఊరి బయట ఉంచండి. 2015 డిసెంబరు చెన్నై వరదల తరువాత నా మూడవ ప్రతి నెల్లూరులో మా అక్కయ్య ఇంటి బీరువాలో ఉంటోంది.

అభ్యాసం: వచ్చే పాఠానికి ముందు పూర్తి సినిమా జోలికి పోకుండా, మీ దగ్గరున్న ఒక డీవీడీ నుంచి రెండు రీళ్ళ భాగాన్ని, అంటే మధ్యలో ఒక చుక్కల జత వచ్చే 20 నిమిషాలను తీసుకుని కుదర్చండి. తరువాత బొమ్మ చూడకుండా, హెడ్‌ఫోన్సు ఎడమ చెవిలో పాత ట్రాకు, కుడి చెవిలో కొత్త ట్రాకు మధ్య చానల్ వచ్చేటట్టు పెట్టి వినండి. మాట తల మధ్యలో నిలిస్తే కుదిరినట్టు. ఏదో ఒక చెవివైపు జరిగిపోతే, అది ఏ నిమిషంలో జరిగిందో రాసుకుని, ఆ సమయాన్ని మీ చుక్కల పట్టికతో పోల్చి చూడండి.