స్టోర్ ఉద్యోగం ఇంటర్వ్యూ – 3వ పాఠం: మేనేజర్ ఏం అడుగుతారు, ఎందుకు అడుగుతారు

రెజ్యూమెను ఒక్క పేజీకి కుదించడం, కస్టమర్‌లా ముందే ఆ స్టోర్‌కి వెళ్లి చూసి రావడం గత రెండు పాఠాల్లో చేశాం. అప్పుడు రాసుకున్న నోట్స్ పక్కన పెట్టుకుని ఇది చదవండి.

ముందు ఇంటర్వ్యూ జరిగే తీరు తెలుసుకోండి. ప్రశాంతమైన గది దొరుకుతుందని అనుకోవద్దు. స్టాక్ రూమ్‌లో రెండు కుర్చీలు వేసుకునో, ఫ్లోర్ మీద, అంటే సరుకు అమ్మే చోట, ఒక మూల నిలబడో మాట్లాడే మేనేజర్లే ఎక్కువ. మధ్యలో ఫోన్ వస్తుంది. బిల్లు క్యాన్సిల్ చేయాలంటూ కౌంటర్ నుంచి ఎవరో పరిగెత్తుకొస్తారు. అలా ఆగినప్పుడు టెన్షన్ పడకండి. మీరు చెబుతున్న మాట ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని, మేనేజర్ తిరిగొచ్చాక అక్కడి నుంచే అందుకోండి. రేపు ఫ్లోర్ మీద పని కూడా ఇలాగే సాగుతుంది కాబట్టి, ఆ ఓపికను కూడా వాళ్లు గమనిస్తారు. కొత్త స్టోర్ తెరిచేటప్పుడు నలుగురైదుగురిని కలిపి కూర్చోబెట్టడం మామూలే. అప్పుడు పక్కవాళ్లు మాట్లాడుతుంటే శ్రద్ధగా వినండి, మాటకు అడ్డం వెళ్లకండి.

ఇక ప్రశ్నలు. ఎన్ని రకాలుగా అడిగినా మేనేజర్ మనసులో ఉండేవి రెండే: ఈ మనిషి షిఫ్ట్‌కి వస్తారా? కస్టమర్ కోపంగా ఉంటే నిలబడగలరా?

మొదటిదానికి చాలామంది సరిగ్గా సిద్ధం కారు. "ఏ రోజుల్లో పని చేయగలరు?" అని అడగ్గానే ఉద్యోగం పోతుందన్న భయంతో "ఎప్పుడైనా సరే" అనేస్తారు. నా దృష్టిలో ఇంటర్వ్యూలో అన్నిటికంటే నష్టం చేసే జవాబు ఇదే. ఆ మాట నమ్మి మేనేజర్ వారం షిఫ్టులు వేస్తారు. రెండో వారంలో మీరు "గురువారం ఉదయం క్లాసుంది" అంటే మీ చోట ఇంకొకరిని వెతుక్కోవాలి. అంతకంటే ఇలా చెప్పండి: "మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం రెండు దాకా క్లాసులు. మిగతా రోజులు ఓపెనింగైనా క్లోజింగైనా చేస్తాను. శని, ఆదివారాలు పూర్తిగా ఖాళీ." వారాంతాల్లో, సెలవుల్లో రద్దీ ఎక్కువ కాబట్టి ఆ చివరి వాక్యానికి చాలా విలువుంది. నిజమైతేనే చెప్పండి.

రెండోదానికి "నాకు ఓపిక ఎక్కువ" అంటే సరిపోదు, జరిగిన సంగతి ఒకటి కావాలి. స్టోర్‌లో పని చేసిన అనుభవం లేకపోయినా ఫరవాలేదు. పరిస్థితి ఏమిటి, మీ బాధ్యత ఏమిటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది, ఈ వరుసలో చెప్పండి. ఉదాహరణకు:

"కాలేజీ ఫంక్షన్‌లో రిజిస్ట్రేషన్ టేబుల్ నేను చూశాను. ఫీజు కట్టిన ఒకాయన పేరు లిస్టులో లేదు. వెనక లైన్ ఉంది, ఆయన గట్టిగా అరుస్తున్నారు. పక్కకు తీసుకెళ్లి ఆయన చెప్పిందంతా విన్నాను. పేమెంట్ మెసేజ్ చూపించమంటే చూపించారు. లిస్టులో పేరు స్పెల్లింగ్ తప్పుగా పడిందని అప్పుడు తెలిసింది. సరిచేసి పాస్ ఇచ్చాను. ఆ తర్వాత అందరినీ ఫోన్ నంబర్‌తో వెతికాం."

ఇందులో ఆయనది తప్పని ఎక్కడా అనలేదు, గమనించండి. చివరి వాక్యం చిన్నదే, కానీ సమస్య మళ్లీ రాకుండా ఆలోచించే మనిషని చెబుతుంది.

"బిల్లు లేకుండా సరుకు తిరిగి తెస్తే?" అన్నది దీనికి దగ్గరి ప్రశ్న. ఆ స్టోర్ పాలసీ మీకింకా తెలియదు కదా, తెలిసినట్టు చెప్పకండి. "పాలసీ ఏముందో మర్యాదగా చెబుతాను, నా చేతిలో లేనిదానికి మాటివ్వను, సూపర్‌వైజర్‌ని పిలుస్తాను" అంటే చాలు.

దొంగతనం గురించి అడిగితే "వెంటపడి పట్టుకుంటాను" అని ధైర్యం చూపించొద్దు. దెబ్బలు తగలొచ్చు, తప్పు మనిషిని నిందించినా గొడవే. అందుకే చాలా స్టోర్లు సిబ్బందిని వెంటపడనివ్వవు. దగ్గరికెళ్లి "ఏమైనా సహాయం కావాలా?" అని పలకరిస్తానని, సెక్యూరిటీకో సూపర్‌వైజర్‌కో చెబుతానని అనండి. తోటి ఉద్యోగి తన స్నేహితుల సరుకు స్కాన్ చేయకుండా సంచిలో వేస్తుంటే ఏం చేస్తారన్నది దీనికంటే కష్టమైన ప్రశ్న. మేనేజర్‌కి చెబుతాననడమే సరైన జవాబు. తడబడకుండా చెప్పండి.

క్యాషియర్ పనైతే చిల్లర లెక్క అడగొచ్చు. బిల్లు 365, ఇచ్చింది 500. తీసివేతతో తంటాలు పడకుండా పైకి లెక్కపెట్టండి: 5 కలిపితే 370, 30 కలిపితే 400, 100 కలిపితే 500. ఇవ్వాల్సింది 135. కస్టమర్ చేతిలో పెట్టేటప్పుడు కూడా ఇదే వరుసలో లెక్కపెడితే ఇద్దరికీ తేడా రాదు.

సేల్స్ పనికైతే ఒక లెక్క తెలిసుండాలి: లోపలికి వచ్చినవాళ్లలో ఎందరు కొన్నారు? 200 మంది వచ్చి 50 బిల్లులు పడితే 25 శాతం. "ఈ పెన్ను నాకు అమ్మండి" అని కూడా అడగొచ్చు. దాన్ని పొగడటానికి ముందు, వాళ్లు రోజూ దేనికి రాస్తారో అడగండి. మిగతాది వచ్చే పాఠంలో చూద్దాం.

మీ వంతు వచ్చినప్పుడు షిఫ్టుల పట్టిక ఎన్ని రోజుల ముందు ఇస్తారో, వీక్ ఆఫ్ మారుతుందో లేదో, ట్రైనింగ్ రోజులకు జీతం ఉందో లేదో అడగండి. ఇవి అడగడం అత్యాశేమీ కాదు. ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్ కట్టమని ఎవరైనా అంటే మాత్రం అక్కడితో లేచి వచ్చేయండి.

ఈ వారం అభ్యాసం: మీరు ఏ రోజు, ఏ వేళ పని చేయగలరో ఒక కాగితం మీద నిజాయితీగా రాయండి. పైన చెప్పిన నాలుగు మెట్ల వరుసలో మీకు జరిగిన రెండు సంగతులు రాసి, ఒక్కొక్కటి నిమిషంలో పూర్తయ్యేలా పైకి చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. 500కి, 1000కి చిల్లర లెక్కలు పది చేయండి. ఆ రికార్డింగ్ నాలుగో పాఠంలో అవసరమవుతుంది, తుడిచేయకండి.