మీ ఫైలు మీ దగ్గరే ఉండాలి: పెళ్లితో వచ్చే గ్రీన్ కార్డు, ఆ తర్వాత పౌరసత్వం

మాది తెనాలి. అమెరికా పౌరుణ్ని పెళ్లి చేసుకుని, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌కు కాపురానికి వచ్చాను. ముంబై కాన్సులేట్ ఇంటర్వ్యూ, రెండేళ్ల కార్డు, పదేళ్ల కార్డు, పౌరసత్వ ప్రమాణం, అన్నీ వరసగా చూశాను. ఇప్పుడు మా వైపు నుంచి పెళ్లయి వచ్చే అమ్మాయిలు ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటారు. నేను లాయర్‌ని కాను. పాత వీసా గడువు దాటిపోవడం, పోలీసు కేసు, ముందు పెళ్లి విడాకుల గొడవ లాంటివి ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికే వెళ్లాలి. మామూలు కేసుల్లో దారి ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను.

ఫోన్ చేసిన ప్రతి అమ్మాయినీ ముందు ఒకటే అడుగుతాను: "నీ దరఖాస్తు రసీదు నంబరు నీకు తెలుసా?" చాలామందికి తెలియదు. అకౌంట్ పాస్‌వర్డ్ భర్త దగ్గర, నోటీసులు భర్త ఈమెయిల్‌లో, ఒరిజినల్ సర్టిఫికెట్లు అత్తగారి బీరువాలో. భర్త ఎంత మంచివాడైనా ఇది పద్ధతి కాదు. దరఖాస్తు మీ జీవితం గురించి. ప్రతి ఫారం, ప్రతి రసీదు, ఇమ్మిగ్రేషన్ శాఖ మీకిచ్చే గుర్తింపు సంఖ్య (ఏ-నంబరు), పాస్‌పోర్టు అన్ని పేజీలు మీ సొంత ఈమెయిల్‌లో, మీరే తెరవగలిగే చోట ఉండాలి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. రేపు ఇంటర్వ్యూలో "ఇందులో రాసినవన్నీ నిజమేనా?" అని ప్రమాణం చేయించి అడిగేది మిమ్మల్నే.

ముందు స్పాన్సర్ ఎవరో చూసుకోండి

పెళ్లిచూపులప్పుడు "అబ్బాయికి అమెరికా గ్రీన్ కార్డు ఉంది" అంటారు. గ్రీన్ కార్డా, పౌరసత్వమా అన్నది అప్పుడే స్పష్టంగా అడగాలి. భర్త పౌరుడైతే భార్యకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. ఫారాలు పరిశీలించడానికి పట్టే కాలం తప్ప క్యూ ఉండదు. భర్తకు గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే మీరు ఎఫ్‌2ఏ కేటగిరీలోకి వస్తారు. అందులో పరిమితి ఉంటుంది. విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో మీ పిటిషన్ వేసిన తేదీ వంతు వచ్చేదాకా ఆగాలి. ఆలోగా ఆయన పౌరుడైతే మీ కేసు పరిమితి లేని, పౌరుడి భార్య కేటగిరీకి మారుతుంది.

మూడో పరిస్థితి మనవాళ్లలో ఎక్కువ. అబ్బాయి హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉంటాడు, ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు కేసు నడుస్తుంటుంది. ఆ కార్డు చేతికి రాకముందే పెళ్లయితే భార్య అదే కేసులో డిపెండెంట్‌గా చేరవచ్చు. కార్డు వచ్చిన మర్నాడు పెళ్లయితే ఆ అవకాశం పోతుంది, ఎఫ్‌2ఏలో కొత్తగా మొదలుపెట్టాలి. ఇండియాలో పుట్టినవాళ్లకు ఉద్యోగ క్యూ ఎంత నెమ్మదిగా కదులుతుందో అందరికీ తెలుసు. అలాంటిది కార్డు చివరి దశలో ఉండగా "శ్రావణంలో మంచి ముహూర్తాలున్నాయి, అప్పుడు చేద్దాం" అని పెళ్లి వాయిదా వేసే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది. ఆ వాయిదా వల్ల కొత్త దంపతులు విడివిడిగా ఉండాల్సి రావచ్చు. ముహూర్తం పెట్టుకునే ముందు లాయర్‌ని ఒక్క మాట అడగండి.

తెలుగువాళ్ల కాగితాల్లో వచ్చే చిక్కులు

భర్త వేసే పిటిషన్ ఐ-130. దాంతో పాటు మీ వివరాల ఫారం ఐ-130ఏ. ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితాల మీద వేస్తే 675. ఇవి 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఫీజులు. కట్టేరోజు ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోండి.

ఫారం నింపడం సులువే. ఇబ్బందంతా పేర్లతో వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒట్టి పొడి అక్షరంగా, తండ్రి పేరు ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగ్‌తో ఉంటాయి. ఫారాల్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మిగతా రూపాలన్నీ "వాడిన ఇతర పేర్లు" గడిలో చేర్చండి. పెళ్లయింది కదా అని ఇంటిపేరు మార్చి కొత్త పాస్‌పోర్టు తీసుకోవాల్సిన అవసరం లేదు. పేరు మార్చుకోవాలనుంటే పౌరసత్వ దరఖాస్తులోనే అడగవచ్చు.

జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉండటం మనవైపు మామూలే. పుట్టిన ఊరి మున్సిపాలిటీ లేదా పంచాయతీలో పేరు చేర్పించుకోవాలి. రికార్డే లేకపోతే "రికార్డు లభ్యం కాలేదు" అన్న పత్రం తీసుకుని, దానికి పదో తరగతి మెమో, మీ పుట్టుక స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. అమ్మ, పెద్దమ్మ, మేనమామ లాంటివాళ్లు రాయవచ్చు. ఈ పని పెళ్లి నిశ్చయమైన వారంలోనే మొదలుపెట్టండి.

పెళ్లికి గుడిలోనో కల్యాణ మండపంలోనో ఇచ్చిన పత్రం చాలదు. రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం కావాలి. అబ్బాయి రెండు వారాల సెలవు మీద వచ్చి వెళ్లిపోతాడు కాబట్టి, శుభలేఖ, ఫొటోలు, సాక్షుల ఆధార్ కార్డులు సిద్ధం చేసుకుని ఆ సెలవులోనే రిజిస్ట్రేషన్ ముగించుకోవాలి. తెలుగులో ఉన్న ఏ పత్రానికైనా పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువదించిన వ్యక్తి తనకు రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సరైనదనీ రాసి సంతకం చేస్తే చాలు. నోటరీ అవసరం లేదు.

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు

ఐ-130 ఆమోదం పొందాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ వీసా ఫీజు 325 డాలర్లు, అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ ఫీజు 120 డాలర్లు కట్టి, వీసా దరఖాస్తు డీఎస్-260 నింపి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా తీసుకోవాలి. చదువుకోసమో ఉద్యోగంకోసమో మరో దేశంలో ఏడాదికి పైగా ఉండి ఉంటే అక్కడిది కూడా అడుగుతారు.

అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, అంటే ఐ-864, మీ పోషణ తనదేనని మీ భర్త అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చే హామీ. పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం చూపించాలి. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి సుమారు 26,437 డాలర్లు. ఆదాయం చాలకపోతే అమెరికాలో ఉంటున్న వేరే పౌరుడో గ్రీన్ కార్డుదారో జాయింట్ స్పాన్సర్‌గా సంతకం చేయవచ్చు.

ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలో ఉంటుంది. వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లి అని చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు, ప్రేమకథ ఏదైనా అల్లాలేమో అనుకుంటారు. అలా చేయొద్దు. పెళ్లిచూపుల తర్వాత పది రోజుల్లో పెళ్లి జరిగిందంటే అక్కడి అధికారులకు వింతేమీ కాదు. సంబంధం ఎవరు తెచ్చారో, మొదట ఎప్పుడు మాట్లాడుకున్నారో, పెళ్లికి ఎవరెవరు వచ్చారో జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇద్దరే నిలబడి తీయించుకున్న ఫొటోల కంటే, తలంబ్రాలప్పుడూ అప్పగింతలప్పుడూ రెండు కుటుంబాలూ కనిపించే ఫొటోలు ఎక్కువ ఉపయోగం. ఆయన మళ్లీ వచ్చి వెళ్లిన విమాన టికెట్లు, రోజూ మాట్లాడుకున్న కాల్ రికార్డులు కూడా దగ్గర పెట్టుకోండి.

వీసా వచ్చాక యూఎస్‌సీఐఎస్‌కు 235 డాలర్ల ఇమ్మిగ్రెంట్ ఫీజు కడితేనే కార్డు తయారవుతుంది. కార్డు ఆలస్యమైతే కంగారు పడొద్దు. ఎయిర్‌పోర్టులో ముద్ర వేసిన ఆ వీసా పేజీయే ఏడాదిపాటు గ్రీన్ కార్డులా చెల్లుతుంది, దాంతో ఉద్యోగంలో చేరవచ్చు.

ఇప్పటికే అమెరికాలో ఉన్నవాళ్లకు

ఎఫ్-1 (చదువు వీసా) మీదో హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్త వీసా) మీదో ఉండి పౌరుణ్ని పెళ్లి చేసుకుంటే ఐ-130తో కలిపి, ఇక్కడే ఉండి గ్రీన్ కార్డు కోరే ఐ-485 వేయవచ్చు. దాని ఫీజు 1,440 డాలర్లు. వర్క్ పర్మిట్ ఫారం ఐ-765, ప్రయాణ అనుమతి ఫారం ఐ-131 విడిగా ఉంటాయి. వైద్య పరీక్ష ఐ-693ని ఇప్పుడు ఐ-485తో పాటే పంపాలి. ఆ ప్రయాణ అనుమతి (అడ్వాన్స్ పెరోల్) చేతికి రాకుండా ఇండియా వెళ్తే ఐ-485 వదులుకున్నట్టే లెక్క. స్టేటస్, వీసా సరిగా ఉన్న హెచ్, ఎల్ వీసా కేటగిరీల వాళ్లకు మినహాయింపు ఉంది. ఎఫ్-1 వాళ్లకు లేదు. చెల్లెలి పెళ్లి అయినా సరే, ఆ కాగితం లేకుండా విమానం ఎక్కొద్దు.

"ముందు విజిటర్ వీసా మీద వచ్చెయ్, ఇక్కడ పెళ్లి చేసుకుని ఉండిపోవచ్చు" అనే సలహా మాత్రం వినకండి. వీసా అధికారి దగ్గర ఉద్దేశం దాచినట్టు తేలితే, ఆ మచ్చ జీవితాంతం ఫైలులో ఉండి తలుపులు మూసేస్తుంది.

రెండేళ్ల కార్డు

శాశ్వత నివాసం మొదలైన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతు కార్డు. నిండితే నేరుగా పదేళ్ల కార్డు. వీసాతో వచ్చేవాళ్లకు లెక్క విమానం దిగిన రోజుతో ఉంటుంది. కాబట్టి వీసా గడువులోపలే రెండో పెళ్లిరోజు ఉంటే, అది దాటాక దిగడం మేలు. కొన్ని వారాలు ఆగితే ఒక పెద్ద దరఖాస్తు తప్పుతుంది.

షరతు కార్డు ఉన్నవాళ్లు గడువు ముగిసే ముందు 90 రోజుల్లోపు, షరతు తీసేయమని కోరే ఐ-751 వేయాలి. భార్యాభర్తలిద్దరూ సంతకం చేస్తారు. రసీదు నోటీసు కార్డును మరో 48 నెలలు పొడిగిస్తుంది. కలిసి కాపురం చేస్తున్నట్టు రుజువులు మొదటి నెల నుంచే పోగు చేయండి: ఇద్దరి పేర్లూ ఉన్న లీజు, జాయింట్ బ్యాంకు ఖాతా, కలిపి వేసిన టాక్స్ రిటర్నులు, ఇన్సూరెన్సు. జాయింట్ ఖాతాలో జీతం పడాలి, సరుకుల ఖర్చు జరగాలి. ఊరికే తెరిచి వదిలేసిన ఖాతాతో లాభం లేదు. ఇల్లు మారితే పది రోజుల్లో ఏఆర్-11 ద్వారా చిరునామా మార్చండి.

లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని అడిగితే వద్దని చెప్పండి. పౌరులు కాకముందు ఓటరుగా చేరితే, పొరపాటున టిక్ పెట్టినా సరే, దేశం నుంచి పంపించే దాకా వెళ్లవచ్చు.

ఇంట్లో పరిస్థితి బాగాలేకపోతే

"నా మాట వినకపోతే నీ గ్రీన్ కార్డు క్యాన్సిల్ చేయిస్తా" అనే మాట పడుతున్న అమ్మాయిలు ఉన్నారు. వాళ్లకోసం కొంచెం విడమరిచి చెబుతాను. కార్డు వచ్చాక దాన్ని రద్దు చేసే అధికారం భర్తకు లేదు. ఐ-751 మీద ఆయన సంతకం పెట్టనంటే, విడాకులైనా, హింస జరిగినా మీరు ఒక్కరే మినహాయింపు కోరుతూ వేయవచ్చు. పెళ్లి నిజమైనదని మాత్రం చూపించాలి. కార్డు రాకముందే ఆయన ఐ-130 వెనక్కి తీసుకోగలడన్నది నిజమే. కానీ పౌరుడో గ్రీన్ కార్డుదారో అయిన భర్త హింసిస్తే, భార్య ఐ-360 ద్వారా సొంతంగా దరఖాస్తు పెట్టుకునే హక్కు 1994 నాటి వావా (మహిళలపై హింసను అరికట్టే) చట్టం ఇచ్చింది. విడాకులైన రెండేళ్లలోపు కూడా వేయవచ్చు. ఆ విషయం అధికారులు భర్తకు చెప్పకూడదని చట్టమే అంటుంది. ఇది హింసకు గురైన భర్తలకూ వర్తిస్తుంది. హెచ్-1బీ భర్త హింసిస్తే హెచ్-4 భార్యకు విడిగా వర్క్ పర్మిట్ అవకాశం ఉంది.

కొట్టడం ఒక్కటే హింస కాదు. పాస్‌పోర్టు దాచేయడం, ఫోన్ లాక్కోవడం, డబ్బు ఇవ్వకపోవడం, ఇమ్మిగ్రేషన్ పేరుతో బెదిరించడం కూడా ఇందులోకి రావచ్చు. జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233 రాత్రీ పగలూ పనిచేస్తుంది, దుబాసీని కూడా అడగవచ్చు. ఆయన సంతకం పెట్టిన ఐ-864 హామీ విడాకులతో పోదు. మీరు పౌరులయ్యేదాకా, లేదా పదేళ్ల పనికి సమానమైన 40 క్వార్టర్లు నిండేదాకా, మామూలుగా అది నిలిచే ఉంటుంది. అమ్మానాన్నలకు చెప్తే పరువు పోతుందని కూర్చోకండి. ముందు మీ కాగితాల కాపీలు నమ్మకమైన స్నేహితురాలికి పంపండి, తర్వాత లాయర్‌తో మాట్లాడండి.

పౌరసత్వం

గ్రీన్ కార్డు ఉన్న ఎవరైనా ఐదేళ్లకు పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేయవచ్చు. పౌరుడైన భర్తతో కలిసి ఉంటే మూడేళ్లకే వేయవచ్చు, అయితే ఆయన కూడా ఆ మూడేళ్లూ పౌరుడై ఉండాలి. షరతు కార్డు కాలం కూడా లెక్కలోకి వస్తుంది. నివాస గడువు నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టవచ్చు. మూడేళ్లలో కనీసం 18 నెలలు అమెరికాలో ఉండాలి. ప్రమాణానికి ముందే విడాకులైతే మూడేళ్ల దారి మూసుకుపోతుంది, ఐదేళ్లు నిండేదాకా ఆగాలి.

కాన్పుకు పుట్టింటికి వెళ్లే వాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగలేదని మీరే నిరూపించుకోవాలి. ఏడాది దాటితే తెగినట్టే. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోండి, ఎన్-400లో అన్నీ అడుగుతారు.

ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు. పౌరసత్వ పరీక్ష నేను రాసినప్పుడు వంద ప్రశ్నల్లోంచి పది అడిగేవారు, ఆరు చెబితే చాలు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. వంట చేస్తూ ప్రశ్నల ఆడియో వినడం నాకు బాగా పనికొచ్చింది. పరీక్ష కన్నా ఎన్-400లోని "ఎప్పుడైనా" అని మొదలయ్యే ప్రశ్నలకే ఎక్కువ సిద్ధం కావాలి. ఆ ప్రశ్నల్లోని పదాల అర్థం తెలియకుండా అవును, కాదు అనకూడదు. తెలియకపోతే విడమరచి చెప్పమని అధికారిని అడగవచ్చు.

ప్రమాణం చేసిన రోజు నుంచి మీరు భారత పౌరులు కారు, ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. పాత పాస్‌పోర్టు మీద ప్రయాణించకూడదు. దాన్ని సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్‌తో విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పొలం సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఎన్నారై అయినా ఓసీఐ అయినా వ్యవసాయ భూమి కొనడం, గిఫ్ట్‌గా తీసుకోవడం ఫెమా (ఇండియా విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలకు విరుద్ధం. వారసత్వంగా రావచ్చు. పసుపు కుంకుమ కింద ఎకరం రాసివ్వాలనుకునే నాన్నలు ఇది తెలుసుకుని వకీలుతో మాట్లాడటం మంచిది.

పౌరసత్వ సర్టిఫికెట్ అందగానే స్కాన్ చేసి పెట్టుకోండి, ఎందుకంటే అమెరికా పాస్‌పోర్టు కోసం ఒరిజినల్ పంపాలి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో స్టేటస్ మార్పించుకోండి. అమ్మానాన్నలను తెచ్చుకోవాలనుకుంటే 21 ఏళ్లు నిండిన పౌరులుగా ఇప్పుడు మీరే స్పాన్సర్ కావచ్చు. ఇద్దరికీ చెరో ఐ-130 వేయాలి, ఒకే దరఖాస్తులో కుదరదు. వాళ్ల జనన ధ్రువపత్రాల పని ఇవాళే మొదలుపెట్టించండి.