ఒకే ప్రింట్, పదహారు పీసులు: నచ్చిన లోలిటా డ్రెస్‌ని రకరకాలుగా కలెక్ట్ చేయడం

లోలిటాలో (లేసులు, ఫ్రిల్లులు, ఉబ్బెత్తు స్కర్టులతో ఉండే జపాన్ ఫ్యాషన్) ఒక ప్రింట్, అంటే బట్ట మీది బొమ్మల డిజైన్, మనసుకి పట్టిందంటే ఒక్క డ్రెస్‌తో ఆగడం కష్టం, ఎందుకంటే బ్రాండ్లు కూడా ఒక్క డ్రెస్‌తో ఆగవు. ఏంజెలిక్ ప్రెట్టీ గానీ, బేబీ ది స్టార్స్ షైన్ బ్రైట్ గానీ ఒక ప్రింట్‌ని జేఎస్‌కేగా తెస్తాయి, అంటే చేతులు లేకుండా లోపల బ్లౌజు వేసుకునేది. ఓపీగా తెస్తాయి, అంటే చేతులతో కలిపి కుట్టినది. విడిగా స్కర్ట్ కూడా వస్తుంది. రెండు జేఎస్‌కేలు, ఒక ఓపీ, ఒక స్కర్ట్, ఒక్కోటి నాలుగు రంగుల్లో అనుకుంటే అప్పుడే 16 పీసులు. కొన్నేళ్ళకి రీరిలీజ్ వస్తే ఇంకొన్ని. అందుకే కొనడం మొదలుపెట్టే ముందే ఒక విషయం తేల్చుకోండి: మీ కలెక్షన్‌లో ఏది మారకూడదు, ఏది మారాలి?

చాలామంది రంగులతో మొదలుపెడతారు. పింక్ ఉంది కదా, ఇప్పుడు సాక్స్ కావాలి (లేత నీలాన్ని జపాన్ బ్రాండ్లు అలాగే రాస్తాయి), తర్వాత లావెండర్. నేనైతే కటింగులతోనే మొదలుపెట్టమంటాను. పింక్ జేఎస్‌కేకి కొన్న హెడ్‌బో (తలకి పెట్టుకునే రిబ్బన్ బో), సాక్సులు, షూస్ అన్నీ అదే ప్రింట్ పింక్ ఓపీకీ, పింక్ స్కర్ట్‌కీ సరిపోతాయి, బ్లౌజు స్కర్ట్‌కీ పనికొస్తుంది. అదే రంగు మారిందంటే డ్రెస్ ఒక్కటే కాదు, తల నుంచి కాళ్ళ దాకా సామానంతా మళ్ళీ కొనాలి. పైగా లేత నీలాల్లో రెండు బ్రాండ్లవి చాలాసార్లు ఒకదానికొకటి కలవవు, పక్కపక్కన పెడితే ఒకటి ఆకుపచ్చగా, ఒకటి బూడిదగా కనిపించొచ్చు. నిజానికి వేసుకున్నప్పుడు ఎక్కువ తేడా తెలిసేది కూడా కటింగులోనే. హై వెయిస్ట్ జేఎస్‌కే, నడుము దగ్గర బిగువుగా ఉండేది, స్కర్ట్ మీద ఫ్రిల్ బ్లౌజు, ఈ మూడూ ఒకే ప్రింట్ అయినా మనిషి మూడు రకాలుగా కనిపిస్తుంది.

ఒక రంగులో మీకు నచ్చిన కటింగులన్నీ వచ్చాక, మీకు బాగా నప్పిన ఆ ఒక్క కటింగ్‌ని వేరే రంగుల్లో వెతకండి. ఈ వరసలో వెళ్తే బీరువాలో వేలాడే ప్రతి పీసూ మీరు వేసుకునేదే అవుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, కటింగ్ ఒకటే ఉంచి ప్రింట్లు మార్చడం. బ్రాండ్లు బాగా అమ్ముడైన ప్యాటర్న్‌ని వేరే ప్రింట్లకి మళ్ళీ మళ్ళీ వాడతాయి. మీ ఒంటికి ఒక కటింగ్ అచ్చంగా కుదిరితే ఇది చాలా సుఖం, ప్రతిసారీ సైజు టెన్షన్ ఉండదు. మోయ్ మెమ్ మోయిటియే లాంటి బ్రాండ్ ఇష్టమైతే రంగుల ప్రశ్నే తగ్గిపోతుంది. జపాన్ సంగీతకారుడు మానా 1999లో పెట్టిన బ్రాండ్ అది, ఎక్కువగా నలుపు, నీలం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి అక్కడ కటింగులూ, వచ్చిన సంవత్సరాలూ చూసి కలెక్ట్ చేయడమే బాగుంటుంది.

దారి తేలాక జాబితా రాసుకోండి. లోలైబ్రరీ అనే డేటాబేస్‌లో ప్రింట్ పేరు కొడితే ఏయే పీసులు వచ్చాయో, ఏ రంగుల్లో వచ్చాయో, కొలతలు, అప్పటి ధర యెన్లలో చాలావాటికి దొరుకుతాయి. జపనీస్ పేరు ఉంటే అది కూడా కాపీ చేసి పెట్టుకోండి, జపాన్ సైట్లలో వెతకడానికి అదే పనికొస్తుంది. ఇంగ్లీషు పేరుతో వెతికితే సగం కనిపించవు. జాబితాలో ఒరిజినల్‌నీ రీరిలీజ్‌నీ వేర్వేరుగా రాయండి. ఏంజెలిక్ ప్రెట్టీ షుగరీ కార్నివాల్ 2008లో వచ్చింది, తర్వాత మళ్ళీ విడుదలైంది. ఏ ప్రింట్ అయినా అలా మళ్ళీ వచ్చినప్పుడు లేస్, బట్ట, రంగు ఛాయ, వెనకవైపు ఎలాస్టిక్ కుచ్చులు, వీటిలో ఏదో ఒకటి మారి ఉండొచ్చు. ఒరిజినల్ స్కర్ట్‌కి రీరిలీజ్ హెడ్‌బో పెట్టుకుందాం అనుకునేవాళ్ళు కొనేముందు రెండింటి ఫొటోలూ పగటి వెలుతురులో తీసినవి అడగండి.

పాత పీసులు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. జపాన్‌లో క్లోసెట్ చైల్డ్, వుండర్‌వెల్ట్ లాంటి షాపులు ఈ బట్టలే అమ్ముతాయి, మెర్కారీ, యాహూ వేలంలో మామూలు మనుషులు అమ్ముతారు. వేరే దేశంలో ఉంటే మెర్కారీ, యాహూలకి బయ్యీ, జెన్‌మార్కెట్ లాంటి ప్రాక్సీ సర్వీసు (మన తరఫున జపాన్‌లో కొని పంపేది) మధ్యలో ఉండాలి. అప్పుడు డ్రెస్ ధర ఒక్కటే చూడకండి: జపాన్ లోపలి పోస్టేజీ, ప్రాక్సీ ఫీజు, బయటి దేశానికి షిప్పింగ్, కస్టమ్స్, అన్నీ కలిపాకే అది చవకో కాదో తెలుస్తుంది. ఒకే ప్రింట్ పీసులు రెండు మూడు దగ్గర దగ్గరగా దొరికితే ప్రాక్సీ గోడౌన్‌లో ఉంచి ఒకే పార్సిల్‌గా పంపమనండి.

ఇక విడిపోయే ముక్కల సంగతి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. జేఎస్‌కేలకి వెనక కట్టుకునే నడుము తాళ్ళు బొత్తాలతో ఊడొస్తాయి, ముందువైపు రిబ్బన్ బోలు పిన్నుతో ఉంటాయి, కొన్నింటికి భుజం పట్టీలు కూడా తీసి పెట్టొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో ముందు పోయేవి ఇవే. ఫొటోలో కనిపించలేదంటే లేవనే అనుకోండి, ఉన్నాయని అమ్మేవాళ్ళు రాస్తేనే నమ్మండి. ఇంకో రంగు డ్రెస్ తాళ్ళు తెచ్చి కడదాంలే అనుకుంటే ఆ రంగు ఎప్పుడూ కలవదు. బో పోయిన డ్రెస్ తక్కువకి వస్తోందంటే, మీరు ఆ డ్రెస్‌ని బో లేకుండా ఇష్టపడతారా లేదా అన్నది ఒక్కటే చూసుకోండి.

కొలతలు సెంటీమీటర్లలోనే చూడండి, ఫ్రీ సైజు అన్న మాటని పక్కన పెట్టండి. ఒకే ప్రింట్‌లో కూడా వెనక ఎలాస్టిక్ ఉన్న జేఎస్‌కే చాలా సాగుతుంది, ఎలాస్టిక్ లేని ఓపీ అసలు సాగదు. పరిచి కొలిచిన అంకె అయితే రెండింతలు చేసుకోవాలి. జేఎస్‌కే లోపల బ్లౌజు ఉంటుంది కాబట్టి ఒంటి కొలత కంటే కొంచెం వదులు ఉండాలి. నడుము ఎక్కడ పడుతుందో కూడా చూడండి. పొడవైనవాళ్ళకి హై వెయిస్ట్ కటింగ్‌లో అంచు ప్రింట్ మోకాలి పైకి వెళ్ళిపోతుంది. పానియర్ (స్కర్ట్ ఉబ్బెత్తుగా నిలవడానికి లోపల వేసుకునే లంగా) విషయం కూడా అంతే. కింద వెడల్పుగా పరిచే స్కర్ట్‌కి గుండ్రంగా ఉబ్బేది కావాలి, కుచ్చులు తక్కువ ఉన్న కటింగ్‌కి ఏటవాలుగా దిగేది, లేకపోతే ప్రింట్ బొమ్మలు సాగి వంకరగా కనిపిస్తాయి.

పేరున్న ప్రింట్లకి నకిలీలు కూడా ఉంటాయి. ట్యాగ్ ఫొటో, లేస్ దగ్గరి ఫొటో, ప్రింట్‌లో సన్నని గీతలు స్పష్టంగా ఉన్నాయా లేదా, ఈ మూడూ అడిగితే చాలావరకు తెలిసిపోతుంది. ధర విపరీతంగా పెరిగిన ప్రింట్ కోసం తొందరపడకండి, రీరిలీజ్ లేదా ఆర్డర్ మీద కుట్టించే రిజర్వేషన్ ప్రకటిస్తే పాతవాటి ధర చాలాసార్లు దిగుతుంది. కొత్త సంవత్సరం లక్కీ ప్యాక్‌లతో (లోపల ఏముందో చెప్పకుండా బ్రాండ్లు అమ్మే సంచులు) కలెక్షన్ పూర్తవుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అందులో ఏ రంగు వస్తుందో చాలాసార్లు మన చేతిలో ఉండదు.

తెచ్చుకున్నాక ఎండ తగలనివ్వకండి, పింక్, లావెండర్ త్వరగా వెలిసిపోతాయి, ఒకే ప్రింట్ రెండు పీసుల్లో ఒకటి వెలిస్తే ఆ జత చెడినట్టే. ప్లాస్టిక్ కవరులో మూసి పెట్టకుండా నూలు కవరు వాడండి. స్కర్ట్ బరువుకి భుజం పట్టీలు సాగుతాయి కాబట్టి జేఎస్‌కేని నడుము దగ్గర మడిచి హ్యాంగర్ కడ్డీ మీద వేయండి. ముదురు వైన్ రంగు, నలుపు మీద తెల్ల లేస్ ఉంటే ఉతికే ముందు తడి తెల్లగుడ్డతో లోపలి అంచు రుద్ది చూడండి. రంగు అంటిందంటే ఇంట్లో ఉతకొద్దు. ఉతికే ప్రతిసారీ రిబ్బన్ బోలు, తాళ్ళు తీసి, ఏ రంగు డ్రెస్‌వి ఆ డ్రెస్ పేరు రాసిన చిన్న సంచీలో వేసి అదే హ్యాంగర్‌కి కట్టేయండి.